పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చేముందు ఇల్లు ఎంతవరకు సర్దాలి? వంటింట్లో బొద్దింకలు, కప్‌బోర్డుకి చెద

ఎంవీపీ_మూడో_అంతస్తు:

మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. మూడో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. శనివారం పొద్దున్న పదింటికి పెస్ట్ కంట్రోల్ వాళ్లు వస్తున్నారు. సమస్యలు రెండు. వంటింట్లో లేత గోధుమరంగు చిన్న బొద్దింకలు ఉన్నాయి. సింకు కింద, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో, మిక్సీ వెనక. రాత్రి లైటు వేస్తే గట్టు మీద నుంచి చెల్లాచెదురుగా పరిగెడతాయి. రెండోది, పెద్ద బెడ్‌రూములో గోడకి బిగించిన చెక్క కప్‌బోర్డు. ఆ గోడకి అవతల బాత్రూము. గోడ అడుగు పట్టీ (స్కర్టింగ్) దగ్గర మొదలై కప్‌బోర్డు కింది అర దాకా పెన్సిల్ లావున మట్టి గీత పాకింది.

వంటింటికి జెల్, బాత్రూములకి స్ప్రే, చెదకి "గోడ పొడుగునా ఫ్లోరుకి డ్రిల్లు కొట్టి మందు పోస్తాం" అన్నారు ఫోన్లో. సామాను కొంచెం జరిపి ఉంచమన్నారు. ఆ కొంచెం ఎంతో చెప్పలేదు.

వంటిల్లు మొత్తం ఖాళీ చేయాలా? కడగడం ముందా, తర్వాతా? ఇంట్లో పది నెలల పాప, ఉబ్బసం ఉన్న అత్తగారు ఉన్నారు, రెండడుగుల చేపల తొట్టి ఉంది. ఎంతసేపు బయట ఉండాలి? మూడో అంతస్తులో ఫ్లోరుకి డ్రిల్లింగ్ చేయించొచ్చా? దయచేసి వివరంగా చెప్పండి.

గాజువాక_టెక్నీషియన్:

వంటింటి సంగతి నేను చెప్తాను. చెద గురించి తెలిసినవాళ్లు వేరే ఉన్నారిక్కడ, వాళ్లు చెప్తారు.

మీరు చెప్పింది జర్మన్ బొద్దింక. అర అంగుళం ఉంటుంది, తల వెనక పలక మీద రెండు నల్ల చారలు నిలువుగా కనిపిస్తాయి. డ్రైనేజీలోంచి వచ్చే ఎర్రటి పెద్ద బొద్దింక వేరు, దానికి స్ప్రే పనిచేస్తుంది. ఈ చిన్నదానికి జెల్లే సరైన మందు. జెల్ అంటే పురుగు తినాల్సిన ఎర. తిన్నది వెంటనే చావదు, సందులోకి వెళ్లి అక్కడ చస్తుంది. దాని రెట్టనీ, శవాన్నీ మిగతావి తిని అవీ చస్తాయి. ఇదంతా జరగాలంటే ఆ రాత్రి మీ వంటింట్లో జెల్ తప్ప వేరే తిండి దొరక్కూడదు. మీ సర్దుడంతా ఈ ఒక్క విషయం కోసమే.

కాబట్టి కడగడం ముందే. శుక్రవారం సాయంత్రానికి పూర్తి చేయండి. స్టౌ తీసి దాని కింద పేరుకున్న నూనె జిడ్డు, చిమ్నీ జాలీ, గట్టుకీ గోడకీ మధ్య గీత, సింకు కింద చెత్తడబ్బా పెట్టే చోటు, ఈ నాలుగూ సబ్బునీళ్లతో రుద్ది, మామూలు నీళ్లతో తుడిచి, పొడిగా ఆరనివ్వండి. ఫినాయిల్, ఘాటైన క్లీనర్లు వద్దు. ఆ వాసన మిగిలిన చోట జెల్ పెడితే పురుగు దగ్గరికి రాదు. ఈ వారం రోజులూ బజారులో దొరికే స్ప్రే డబ్బాలు గానీ, లక్ష్మణరేఖ లాంటి సుద్దముక్కలు గానీ అసలు వాడకండి. స్ప్రే కొడితే బొద్దింకలు వంటిల్లు వదిలి హాల్లో టీవీ వెనక్కి, స్విచ్‌బోర్డుల్లోకి చెదిరిపోతాయి. తర్వాత వంటింట్లో ఎంత జెల్ పెట్టినా వాటికి అందదు. "జెల్ పెట్టించాం, పనిచేయలేదు" అనేవాళ్ల ఇళ్లల్లో చాలాసార్లు జరిగేది ఇదే.

ఇక ఏవేవి ఖాళీ చేయాలంటే, జెల్‌కి వంటిల్లు మొత్తం బోర్లించక్కర్లేదు. సింకు కింద అర పూర్తిగా ఖాళీ చేయాలి. స్టౌకి అటూ ఇటూ ఉన్న డ్రాయర్లు బయటికి లాగేసి హాల్లో పెట్టాలి, ఎందుకంటే డ్రాయర్ జారే పట్టాల వెనకే గూళ్లు ఉంటాయి. పై అరల్లో డబ్బాలు అంచు నుంచి ఆరంగుళాలు లోపలికి నెడితే చాలు. తలుపుల బందులు, మూలలు చేతికి అందాలి, అంతే. అరల్లో పరిచిన న్యూస్‌పేపర్లు, ప్లాస్టిక్ షీట్లు తీసి పారేయండి. వాటి కింద పిల్ల బొద్దింకలు, నల్ల మిరియప్పొడి జల్లినట్టు రెట్ట కనిపిస్తాయి. ఆ రెట్ట మరకలు కనిపించిన చోట్లు ఫోనులో ఫొటో తీసుకుని, తర్వాతే తుడవండి. టెక్నీషియన్‌కి అంతకంటే మంచి పటం లేదు. రైతుబజారు నుంచి తెచ్చిన అట్టపెట్టెలు, గోనెసంచులు, ఉల్లిపాయల బుట్ట అడుగున పొట్టు, ఇవన్నీ బయటికి పంపేయండి.

ఫ్రిజ్ గోడ నుంచి అడుగున్నర ముందుకి లాగి, ప్లగ్ తీసి ఉంచండి. వెనక కింద మోటారు గది వెచ్చగా, తడిగా ఉంటుంది. ఈ బొద్దింకకి అంతకంటే సుఖమైన చోటు ఇంట్లో లేదు. అక్కడున్న నీళ్ల ట్రే ఖాళీ చేసి తుడవండి. మైక్రోవేవ్, మిక్సీ, గ్రైండర్, వాటర్ ఫిల్టర్ ప్లగ్గులు తీసి గోడ నుంచి జరపండి. ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలు పాత టూత్‌బ్రష్‌తో, గోరువెచ్చని సబ్బునీళ్లతో తోమండి. ఆ మడతల్లో జెల్ పెట్టనివ్వకండి, అది తిండికి తగిలే చోటు.

శుక్రవారం రాత్రి పడుకునేముందు సింకు పొడిగుడ్డతో తుడిచి, జాలీ మీద మూత పెట్టండి. తిండి లేకపోయినా ఈ పురుగు వారాలు బతుకుతుంది కానీ, నీళ్లు లేకుండా అన్నాళ్లు ఉండలేదు. మన ఊళ్లో సముద్రపుగాలికి గట్టు, గోడలు రాత్రంతా చెమ్మగానే ఉంటాయి. అందుకే కారే పంపు, చెమర్చే పైపు ఉంటే ప్లంబర్ని శుక్రవారం లోపే పిలవండి.

శనివారం వాళ్లు జెల్ పెట్టేటప్పుడు పక్కన నిలబడి చూడండి. చుక్క కందిపప్పు బద్దంత ఉంటే చాలు. కానీ చోట్లు ఎక్కువ ఉండాలి. బందుల్లో, డ్రాయర్ పట్టాల వెనక, సింకు పైపు గోడలోకి దూరే కన్నం చుట్టూ, ఫ్రిజ్ మోటారు దగ్గర, గట్టు రాయి కింద అంచున పడాలి. పెద్ద పెద్ద ముద్దలు పది చోట్ల పెట్టి వెళ్లిపోతే ఆ పని పనికాదు. ముద్ద పైన ఎండి పొక్కు కడుతుంది, పురుగు తినదు. వంటింట్లో జెల్ పెట్టాక అదే వంటింట్లో స్ప్రే కొడతామంటే ఖచ్చితంగా వద్దనండి. స్ప్రే బాత్రూముల్లో, డ్రైను జాలీల చుట్టూ చాలు.

గుర్తుంచుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఆడ బొద్దింక 30 నుంచి 40 గుడ్లున్న సంచిని, అవి పొదిగే దాకా తోకన మోసుకు తిరుగుతుంది. ఆ సంచిలోకి ఏ మందూ వెళ్లదు. అందుకని రెండు మూడు వారాల తర్వాత రెండోసారి రావాలి. ఆ రెండో రాక మొదటి బిల్లులోనే ఉందో లేదో శనివారం పని మొదలుపెట్టకముందే రాయించుకోండి.

మధురవాడ_సివిల్:

ఎంవీపీ గారూ, ముందు ఫ్లోరు డ్రిల్లింగ్ ఆపించండి. మిగతాది తర్వాత.

చెదకి ఫ్లోరులో కన్నాలు ఎందుకు కొడతారంటే, గచ్చు కింద ఉన్న మట్టిలోకి మందు దించడానికి. కట్టేసిన ఇళ్లకి చెదమందు ఎలా వేయాలో చెప్పే భారత ప్రమాణం ఐ.ఎస్. 6313 మూడో భాగం కూడా ఈ పద్ధతిని మట్టిని ఆనుకుని ఉన్న గచ్చుకే చెప్తుంది. గోడ, గచ్చు కలిసేచోట అడుగుకి ఒకటి చొప్పున, అంటే 300 మి.మీ. దూరంలో, 12 మి.మీ. కన్నాలు పెట్టి, కన్నానికి దాదాపు లీటరు చొప్పున మందు దించడం. మీ మూడో అంతస్తులో టైలు కింద రెండంగుళాల ఇసుక సిమెంటు, దాని కింద నాలుగైదు అంగుళాల శ్లాబు, దాని కింద రెండో అంతస్తు వాళ్ల సీలింగు. మట్టే లేదు. లీటర్లకొద్దీ పోస్తే అది కింది వాళ్ల సీలింగులో మరకై దిగుతుంది. శ్లాబులో కరెంటు పైపులు పరిచి ఉంటాయి, వాటికి డ్రిల్లు తగిలితే అదో గొడవ.

మరి మూడో అంతస్తుకి చెద ఎలా వచ్చింది? కింద మట్టిలోంచి బాత్రూము పైపులు దిగే నిలువు సందు, అదే డక్ట్, వెంటగానీ, లిఫ్టు గోతి పక్క గోడ వెంటగానీ ఎక్కుతుంది. మీది బాత్రూము గోడ కాబట్టి మొదటి అనుమానం డక్ట్ మీదే. రెండో అనుమానం, గోడలో పైపు కారుతూ ఎప్పుడూ తడి ఉండటం. తడి తెగకుండా ఉంటే మట్టితో సంబంధం లేకుండానే చెద పై అంతస్తులో గూడు కట్టుకుని బతకగలదు. ఆ లీకు ఆగకపోతే ఏ మందూ నిలవదు.

కనుక శనివారం రెండు చోట్ల పని జరగాలి. మొదటిది కింద. పార్కింగులో డక్ట్ అడుగు, లిఫ్టు గోతి చుట్టూ, మీ వరస స్తంభాలు గచ్చుని తాకేచోట. ఫ్లోరు డ్రిల్లింగ్‌కి అసలు చోటు అదీ. దానికి అసోసియేషన్ అనుమతి కావాలి, ఇవాళే అడగండి. డక్ట్ తలుపు తాళం వాచ్‌మన్ దగ్గర ఉందో లేదో చూసుకోండి. లోపల పాత చెక్క ముక్కలు, సెంట్రింగ్ పలకలు (శ్లాబు పోసేటప్పుడు కింద ఆనికగా పెట్టే చెక్కలు) పడేసి ఉంటే తీయించేయాలి. బిల్డింగు కట్టినప్పటి సెంట్రింగ్ చెక్క డక్టుల్లో వదిలేయడం మన దగ్గర మామూలే, చెదకి అదే నిచ్చెన. మధురవాడ, ఎండాడ వైపు కొండవాలు ఎర్రమట్టి మీద కట్టిన వాటిలో ఇది మరీ ఎక్కువ చూసుకోవాలి.

రెండోది మీ బెడ్‌రూము. ఇక్కడ చెక్క గోడని తాకేచోట సన్నటి 6 మి.మీ. కన్నాలు, కిందికి వాలుగా పెట్టి, సిరంజితో చెక్కలోకీ, సందులోకీ మందు ఎక్కిస్తారు. మీరు చేయాల్సిన సర్దుడు: కప్‌బోర్డు కింది రెండు అరలు పూర్తిగా ఖాళీ. బట్టలు దులిపి, ఎండలో ఓ గంట వేసి వేరే గదిలో పెట్టండి. పట్టుచీరలు మాత్రం నీడలోనే ఆరేయండి. కాగితాలు, పాస్‌బుక్కులు, ఆల్బమ్‌లు ఒక్కొక్కటే విప్పి చూడండి, చెద బట్టకంటే ముందు కాగితాన్ని పడుతుంది. కప్‌బోర్డు అడుగున నేలని ఆనుకుని ఒక పట్టీ చెక్క ఉంటుంది, స్క్రూలు తీసి ఊడదీయండి. దాని వెనక ఖాళీలోనే చెదంతా ఉంటుంది. మంచం, డ్రెస్సింగ్ టేబుల్ గోడ నుంచి మూడడుగులు జరపాలి. "కొంచెం" అంటే ఇదీ లెక్క. మనిషి మోకాళ్ల మీద కూర్చుని డ్రిల్లు మిషను పట్టుకోవడానికి ఆ చోటు కావాలి.

స్క్రూడ్రైవర్ పిడితో కప్‌బోర్డు చెక్కంతా అంగుళం అంగుళం తట్టండి. గట్టి శబ్దం పోయి బోలుగా వినిపించిన చోటల్లా సుద్దతో గుండ్రంగా గుర్తు పెట్టండి. గుమ్మం చట్రాల అడుగు కూడా మరవద్దు, గచ్చు నుంచి అడుగు ఎత్తు దాకా.

ఆ మట్టి గొట్టాన్ని మాత్రం ముట్టుకోకండి. చాలామంది వాళ్లు వచ్చేలోపు శుభ్రంగా చీపురుతో తుడిచేస్తారు. అప్పుడు పురుగు దారి మార్చుకుని వేరే చోట లేస్తుంది, టెక్నీషియన్‌కి ఎక్కడ కన్నం పెట్టాలో తెలీదు. పురుగు ఇంకా తిరుగుతోందో లేదో చూడాలంటే మధ్యలో అర అంగుళం మాత్రం విరిచి వదిలేయండి. రెండు మూడు రోజుల్లో తడిమట్టితో మళ్లీ పూడిస్తే బతికున్నట్టు.

కరెంటు విషయం. స్విచ్‌బోర్డుకి నిలువుగా పైనా కిందా వైరు పైపు ఉంటుందనుకోండి, ఆ గీతకి అటూ ఇటూ అడుగు దూరం కన్నం వద్దు. ఆ గదికి కరెంటు కట్టేసే స్విచ్చి (ఎం.సి.బి.) ఆపేసి, డ్రిల్లు మిషన్‌కి హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇవ్వండి. బాత్రూము వైపు నుంచి కన్నాలు వద్దు, గచ్చుకైతే అసలే వద్దు. వాటర్‌ప్రూఫింగ్ పొర చిల్లు పడితే చెద పోయి చెమ్మ వస్తుంది.

మందు సంగతి: డబ్బా మీద పేరు ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్.సి. అయితే లీటరు నీళ్లకి 2.1 మి.లీ. కింద పార్కింగుకి 50 లీటర్ల డ్రమ్ము కలిపితే 105 మి.లీ. పడాలి. క్లోర్‌పైరిఫాస్ 20 ఈ.సి. అయితే లీటరు మందుకి 19 లీటర్ల నీళ్లు. దీనికి ఘాటు వాసన, పైగా ఉబ్బసం మనిషి ఉన్నారు కాబట్టి ఫ్లాటు లోపలికి ఇది తేనివ్వకండి. సీలు మీ ముందే విప్పాలి, కొలత గ్లాసుతో మీ ముందే కలపాలి. ముందే కలిపి తెచ్చిన డబ్బా అయితే అందులో ఎంత ఉందో దేవుడికే తెలియాలి.

సీతమ్మధార_నర్సు:

మనుషుల గురించీ, చేపల గురించీ నేను చెప్తాను.

జెల్ ఒక్కటే అయితే ఇల్లు వదలక్కర్లేదు, పాపకి అందని చోట పెడితే చాలు. మీకు స్ప్రే, చెక్కలోకి ఇంజెక్షన్ రెండూ ఉన్నాయి. పెద్దవాళ్లకైతే మందు ఆరి, కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేసి నాలుగైదు గంటలు గాలి ఆడితే సరిపోతుంది. పాపనీ, అత్తగారినీ మాత్రం ఆదివారం దాకా బంధువుల ఇంట్లో ఉంచండి. పాకే వయసు పిల్ల నేల మీద పెట్టిన చెయ్యే నోట్లో పెడుతుంది. అత్తగారి ఇన్‌హేలర్, నెబ్యులైజర్, రోజూ వేసుకునే మాత్రలు శుక్రవారం రాత్రే సంచిలో పెట్టేయండి. హడావుడిలో ఇవి లోపల ఉండిపోతే, మందు కొట్టిన ఇంట్లోకి మళ్లీ ఎవరో వెళ్లాలి.

పాప సీసాలు, స్టెరిలైజర్, బొమ్మలు, పక్కబట్టలు ఒక పెద్ద ప్లాస్టిక్ కవరులో మూతి కట్టి మందు కొట్టని గదిలో ఉంచండి. టూత్‌బ్రష్‌లు, సబ్బులు, తువ్వాళ్లు బాత్రూములోంచి తీసేయండి. బకెట్లలో నీళ్లు పారబోసి బోర్లించండి. తాగే నీళ్ల బిందె, బియ్యం డబ్బా, పోపుల పెట్టె, ఆవకాయ జాడీ మూతలు బిగించి బెడ్‌రూము వైపు కాకుండా హాల్లో ఒక మూల పెట్టి పాత దుప్పటి, దాని మీద ప్లాస్టిక్ షీటు కప్పండి. ఇక్కడ దుప్పటి కంటే ప్లాస్టిక్ షీటు ముఖ్యం.

చేపలు. బాత్రూముల్లో కొట్టే పైరిత్రాయిడ్ మందులు చేపలకి అతి కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. తొట్టి కప్పి, ఎయిర్ పంపు నడుస్తూ ఉంటే ఆ పంపు గదిలో గాలినే నీళ్లలోకి ఊదుతుంది, కప్పిన లాభం పోతుంది. చేపల్ని మూత ఉన్న బకెట్లో, వాటి తొట్టి నీళ్లతోనే, పక్కింట్లో పెట్టడం మేలు. ఎయిర్ పంపు కూడా అక్కడికే తీసుకెళ్లండి. తొట్టి తియ్యలేకపోతే పై నుంచి కింది దాకా ప్లాస్టిక్ షీటు చుట్టి టేపు వేయండి. పిల్లి ఉన్నవాళ్లు చదువుతుంటే, ఈ రకం మందుల్లోనే ఒకటైన పర్మెత్రిన్ పిల్లికి విషమని గుర్తుపెట్టుకోండి.

డబ్బా మీద వజ్రం ఆకారంలో రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, పసుపు తర్వాతది, నీలం ఆ తర్వాత, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఇంటి లోపలి పనికి ఎరుపు గుర్తు డబ్బా కనిపిస్తే పని ఆపండి. ఎవరైనా "నల్లులకో, చెదకో గదిలో మాత్రలు పెట్టి తలుపు మూసేస్తాం" అంటే అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో చెమ్మ తగిలి ఫాస్ఫీన్ వాయువు విడుదలవుతుంది, గోడ పగుళ్లలోంచి, డక్టుల్లోంచి పక్క ఫ్లాట్లోకి వెళ్లి నిద్రలో ఉన్నవాళ్లని చంపగలదు. అపార్ట్‌మెంటులో దానికి ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకూడదు.

ప్రతి డబ్బా లేబుల్ రెండు వైపులా ఫొటో తీసి ఫోనులో ఉంచండి. చర్మం మీద పడితే సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. కళ్లల్లో పడితే ధారగా పడే పంపు నీళ్ల కింద అంతసేపు. మింగితే వాంతి చేయించకండి. చెక్కకి వాడే మందులో కిరోసిన్ లాంటి ద్రావకం ఉంటే వాంతితో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. నోట్లో చొంగ, చెమటలు, కంటిపాప చిన్నదైపోవడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అయినా దగ్గర్లో పెద్దాసుపత్రి అయినా, ఆ లేబుల్ ఫొటోతోనే వెళ్లండి. మందు పేరు తెలిస్తే డాక్టరు విరుగుడు వెంటనే మొదలుపెడతారు.

ఎంవీపీ_మూడో_అంతస్తు:

అందరికీ ధన్యవాదాలు. డ్రిల్లింగ్ విషయం వాళ్లతో మాట్లాడాను. ఫ్లోరు వదిలేసి పార్కింగులో, డక్ట్ దగ్గర చేస్తామన్నారు. సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. కప్‌బోర్డు వెనక గోడ కింద భాగం పెయింటు ఉబ్బి, తడిగా ఉంది.

ఇంకొన్ని అడగాలి. మా పనమ్మాయి రోజూ ఫినాయిల్ వేసి తడిగుడ్డ పెడుతుంది, ఎన్నాళ్లు ఆపాలి? వంటింటి మూల చెక్క దేవుడి మందిరం ఉంది, దీపం రోజూ వెలుగుతుంది. శనివారం వాన పడేలా ఉంది, వాయిదా వేయాలా? హాల్లో పాత సోఫా కాలు కింద సన్నటి పిండి రాలుతోంది, అది కూడా చెదేనా?

కంచరపాలెం_వడ్రంగి:

సన్నటి పిండి రాలితే అది మీ కప్‌బోర్డు చెద కాదు, పుచ్చు, అంటే చెక్క తొలిచే పురుగు. మట్టిలోంచి వచ్చే చెద పొడి వదలదు, తిన్న చోటంతా మట్టి పూసి మూసేస్తుంది. సోఫా కాలు మీద గుండుసూది మొన పట్టేంత గుండ్రటి చిల్లులు వెతకండి, ఒక్కో చిల్లు ఒక్కో పురుగు బయటికి వచ్చిన దారి. దీనికి మట్టిలో మందు ఎంత పోసినా దండగ. కాలు విప్పి, సిరంజికి సన్నసూది పెట్టి ప్రతి చిల్లులోకీ చెక్కమందు ఎక్కించి, మైనంతో మూయాలి. పాలిష్ ఉన్న వైపు మందు పీల్చదు. కాలు అడుగున, సోఫా గుడ్డ కింద, పాలిష్ లేని చెక్క ఉంటుంది. అక్కడ బ్రష్‌తో రెండు పూతలు పూయాలి. మూసిన చిల్లుల కింద నల్లకాగితం పరిచి ఉంచండి. నెల తర్వాత కొత్త పిండి కనిపిస్తే ఆ చోట మళ్లీ. కాలు గోటితో నొక్కితే లోపలికి పోయేంత బోలైతే మందు ఖర్చు వద్దు, కాలు మార్చేయండి.

మందిరం చెక్కకి మందు పూయించకండి. దాని వెనక గోడ నుంచి అంగుళం ఎడం ఉండేలా జరిపి, కింద రెండు రాతిముక్కలు పెట్టండి.

గాజువాక_టెక్నీషియన్:

దీపం సంగతి ముందు. శనివారం పూజ ఎనిమిదిన్నరలోపు ముగించి, దీపం కొండెక్కాక వత్తి తీసేసి, అగరువత్తులు కూడా ఆర్పేయండి. గ్యాసు రెగ్యులేటరు కట్టేయండి. చెక్క ఇంజెక్షన్‌లో ద్రావకం ఉంటే దాని ఆవిరి అంటుకుంటుంది. దీపం కుందులు, గంట, విగ్రహాలు కవరులో పెట్టి మూతి కట్టండి. సాయంత్రం గాలి ఆడి వాసన పోయాక మళ్లీ వెలిగించుకోవచ్చు.

తడిగుడ్డ: గది మధ్యలో మర్నాటి నుంచే మామూలు నీళ్లతో పెట్టుకోవచ్చు. స్ప్రే కొట్టిన గదుల్లో గోడవారగా అడుగు వెడల్పు మాత్రం పది రోజులు ముట్టుకోవద్దు. ఆ పట్టీలో ఎండిన మందే పురుగు కాలికి అంటేది. పనమ్మాయికి నోటితో చెప్తే మర్చిపోతుంది. గోడ నుంచి అడుగు దూరంలో పేపర్ టేపు అంటించి, ఆ గీతకి గది మధ్య వైపు మాత్రమే తుడవమని చూపించండి. వంటింట్లో గట్టు పైభాగం, డైనింగ్ టేబుల్ శనివారం సాయంత్రమే సబ్బుతో కడుక్కోండి. కానీ జెల్ చుక్కలున్న బందులు, మూలలు రెండో రాక దాకా కడగకూడదు. మొదటి వారం చచ్చిన, సగం చచ్చిన బొద్దింకలు పట్టపగలే గట్టు మీదికి వస్తాయి. కంగారుపడి స్ప్రే కొట్టకండి, మందు పని చేస్తోందన్నమాట. చీపురుతో ఎత్తి పారేయండి.

వానకి లోపలి పని ఆపక్కర్లేదు. అయితే ఉక్కపోతగా, గాలి లేకుండా ఉంటే స్ప్రే ఆరడానికి రెట్టింపు సమయం పడుతుంది. పెద్దవాళ్లు కూడా ఆ మేరకు ఆలస్యంగా రావాలి. నేల వేలితో తాకితే జిడ్డుగా తగిలినంతసేపు ఆరలేదన్నట్టే.

మధురవాడ_సివిల్:

వానకి పార్కింగు పని మాత్రం వాయిదా వేయండి. డక్ట్ అడుగున నీళ్లు నిలిస్తే కన్నంలో పోసిన మందు పలచబడి పక్కకి కొట్టుకుపోతుంది. మట్టి పైన చెమ్మగా ఉన్నా ఫర్వాలేదు, నీళ్లు తేలకూడదు. తొలకరికి దీపాల చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి చూడండి, అవి రెక్కలొచ్చిన చెదపురుగులే. మీ బాల్కనీలోనో, డక్ట్ దగ్గరో రాలిన రెక్కలు కుప్పగా కనిపిస్తే ఆ చోటు తప్పకుండా వాళ్లకి చూపించండి.

గోడ తడి గురించి: శనివారానికి ముందే ప్లంబర్ని పిలిచి ఆ బాత్రూము లైనుకి ప్రెషర్ టెస్టు చేయించండి. పంపులన్నీ బిగించి, లైనులో ప్రెషర్ ఎక్కించి గేజి చూస్తారు. ముల్లు దిగితే గోడలో పైపు కారుతున్నట్టు. దిగకపోతే తప్పు గచ్చులో, నహానీ ట్రాపు (గచ్చు నీళ్లు బయటికి పోయే గొట్టం నోరు) చుట్టూ ఉంటుంది. ట్రాపు మూసి గచ్చు మీద అంగుళం నీళ్లు ఒక రాత్రి నిలబెట్టి చూడండి, గోడ తడి పెరిగితే అదే. లీకు బాగుచేసి గోడ ఆరాక కూడా పైపైన పెయింటు వేసేయకండి. కనీసం రెండు నెలలు గోడ అలాగే కనిపిస్తూ ఉండాలి. కొత్త మట్టి గీత లేస్తే కంటపడాలి కదా. ఊడదీసిన పట్టీ చెక్క కూడా అన్నాళ్లూ బిగించకుండా పక్కన పెట్టండి.

గాజువాక_టెక్నీషియన్:

ఒకటి మర్చిపోయేవాళ్లు ఎక్కువ. సింకు కింద పైపు గోడలోకి దూరేచోట కన్నం, గ్యాసు పైపు కన్నం, ఎగ్జాస్ట్ ఫ్యాను చుట్టూ సందు, వీటిని శనివారానికి ముందు మూసేయకండి. జెల్ పెట్టాల్సిన ముఖ్యమైన చోట్లు అవే. రెండో రాక అయ్యాక, పురుగు కనిపించడం ఆగాక మూయాలి, లేకపోతే పక్క ఫ్లాటు నుంచి మళ్లీ వస్తాయి. పైపు చుట్టూ బొటనవేలు పట్టేంత ఖాళీ ఉంటే ముందు వైట్ సిమెంటు కూరి, అది ఆరాక పైన సిలికాన్ వేయండి. సిలికాన్ వేసే ముందు ఆ చోట జెల్ మరకలు, జిడ్డు స్పిరిట్ గుడ్డతో తుడవాలి, లేకపోతే అంటదు. వేశాక 24 గంటలు తడి తగలనివ్వకండి, కాబట్టి మర్నాడంతా సింకు వాడకం లేని రాత్రి చూసుకుని మొదలుపెట్టండి.